తాబీర్, ఇబ్రత్: గోదావరి సాహిత్యంలో స్వప్నమూ భావనాశక్తీ

కలను గూర్చి లోకంలో రెండు మాటలు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. కల పైనుండి వచ్చిన తాఖీదు అన్నది ఒకటి. కల అరగని కూటి ఫలితం అన్నది రెండవది. మొదటి మాట నమ్మినవాడు రాత్రి కనిపించిన దానిని బట్టి పగలు పెళ్ళి సంబంధం వదులుకుంటాడు, అయినవారిపై అనుమానం పెంచుకుంటాడు. రెండవ మాట నమ్మినవాడు తన లోపల ఏమి జరుగుతున్నదో ఒక్కసారి కూడా అడిగి చూడకుండానే ఆయువు గడిపివేస్తాడు. ఇటీవల మూడవ మాట ఒకటి వచ్చి చేరింది. కోరినదానిని కళ్ళు మూసుకొని గట్టిగా ఊహించుకుంటే అది తప్పక చేతికి వస్తుందన్నది ఆ మాట. వ్యక్తిత్వ వికాసం పేరుతో వెలువడే పుస్తకాలలోను, ఉపన్యాసాలలోను దీనికి గిరాకీ ఎక్కువ.

చూడటానికి ఈ మూడూ పరస్పర విరుద్ధాలు. కాని మూడింటిలో ఒకే లోపం ఉంది. మూడూ మనిషిని ఉన్నచోటనే ఉంచుతాయి. తాఖీదు అనుకున్నవాడు ఆలోచన మానుకుంటాడు, అజీర్తి అనుకున్నవాడు విచారణ మానుకుంటాడు, ఊహే చాలుననుకున్నవాడు పని మానుకుంటాడు. స్వప్నమూ, భావనాశక్తీ మనిషిని ఎదిగించగలవా, గలిగితే ఏ షరతు మీద అన్న ప్రశ్నకు ఇస్లామీయ విద్యాసంప్రదాయం ఒక కొలత ఇచ్చింది. గడచిన నూటముప్పై ఏళ్ళలో భావనాశక్తిని విస్తారంగా సాగుచేసిన గోదావరి మండల సాహిత్యాన్ని ఆ కొలతతో పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

దాటటం అన్న అర్థం

స్వప్నార్థం చెప్పటానికి అరబ్బీలో తాబీర్ అన్న పదం ఉంది. ఐన్, బా, రా అన్న మూడక్షరాలు దాని ధాతువు. ఒక ఒడ్డు నుండి మరొక ఒడ్డుకు దాటటం దాని మూలార్థం. 1900లో హేవ్‌లాక్ వంతెన తెరవక పూర్వం కొవ్వూరు నుండి రాజమహేంద్రవరం చేరటానికి పడవే గతి. కనుక గోదావరి వాసులకు ఈ అర్థాన్ని విడమరచి చెప్పనవసరం లేదు. రేవులో నిలబడి ఆవలి ఒడ్డును ఎంతసేపు చూచినా ప్రయాణం జరగదు. కల ఈవలి ఒడ్డు. దాని అర్థం ఆవలి ఒడ్డు. నడుమ ఏరు దాటవలసినవాడు కల చూచిన మనిషే.

ఇబ్రత్ అన్న మాట కూడా ఇదే ధాతువు నుండి పుట్టింది. ఒకరి కథ విని తన బ్రతుకుకు గుణపాఠం తీసుకోవటాన్ని ఇబ్రత్ అంటారు. ఉర్దూ వినిపించే ఇళ్ళలో ఇది నిత్యవ్యవహారంలోని మాటే. దివ్య ఖుర్ఆన్ పన్నెండవ సూరా అయిన యూసుఫ్ సూరాలో ఈ ధాతువు రెండు చోట్ల కనిపిస్తుంది. రాజు తన కలకు అర్థం చెప్పమని కొలువువారిని అడిగే 43వ ఆయతులో అది స్వప్నార్థాన్ని సూచిస్తుంది. ప్రవక్తల గాథలలో బుద్ధిమంతులకు గుణపాఠం ఉన్నదని తెలిపే 111వ ఆయతులో అది ఇబ్రత్‌గా వస్తుంది. సూరా ఆ ఆయతుతోనే ముగుస్తుంది. కల గూర్చిన ప్రశ్నలో ఉన్న ధాతువే గాథ ముగింపులో గుణపాఠమై కనిపించటం శ్రద్ధగా చదివేవారు గమనించదగినది. గుణపాఠం దాకా నడవని స్వప్నార్థం సగం దారిలో ఆగిపోయినదేనని దీనివలన గ్రహించవచ్చు.

యూసుఫ్ సూరా ఇచ్చే కొలత

ఈ సూరాలో నలుగురు కల గన్నారు. బాలుడైన హజ్రత్ యూసుఫ్ (అ), చెరసాలలోని ఇద్దరు ఖైదీలు, ఈజిప్టు రాజు. పదకొండు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు తనకు మోకరిల్లినట్లు చూచిన బాలుడు ఆ సంగతి తండ్రితో చెప్పుకున్నాడు. అన్నలతో చెప్పవద్దని తండ్రి హెచ్చరించాడు. కల ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పరాదు అన్నది ఇక్కడ మొదటి పాఠం.

రెండవ పాఠం దీనికంటె లోతైనది. ఆ కలకూ దాని నెరవేర్పుకూ నడుమ ఒక బావి ఉంది, ఒక బానిసల సంత ఉంది, ఒక అపనింద ఉంది, కొన్నేళ్ళ చెరసాల ఉంది. కల కన్నంత మాత్రాన ఆ బాలుడు పెద్దవాడు కాలేదు. అల్లాహ్ ఆయనను తీర్చిదిద్దినది ఆ నడిమి సంవత్సరాలలో. చివరకు సోదరులు ఎదుట నిలిచిన రోజున ఆయన నోట వచ్చినది గెలుపు మాట కాదు, క్షమాపణ. జరిగిన కీడును సైతం తనకూ సోదరులకూ మధ్య షైతాను పెట్టిన చిచ్చుగానే చెప్పాడు. నక్షత్రాలు మోకరిల్లిన కలలో అహంకారి తన ఆధిక్యాన్ని చూచుకొని ఉండేవాడు. యూసుఫ్ (అ) ఆ కల నెరవేరిన వేళ సోదరుల మీద పగ తీర్చుకునే అధికారాన్ని విడిచిపెట్టాడు. కల గన్న మనిషి ఎదిగినట్లు ఎలా తెలుస్తుందని అడిగితే దీనికి మించిన జవాబు లేదు.

మూడవ పాఠం రాజు కలలో ఉంది. బలిసిన ఏడు ఆవులను బక్కచిక్కిన ఏడు ఆవులు తినివేయటం, ఏడు పచ్చని కంకులు, ఎండిన మరికొన్ని కంకులు. కొలువువారు ఇవి కలగాపులగపు కలలని తోసిపుచ్చారు. అద్గాస్ అహ్లామ్ అన్నది వారు వాడిన మాట. కల అజీర్తి అన్న నేటి మాటకు అదే పూర్వరూపం. యూసుఫ్ (అ) మాత్రం అర్థం చెప్పి ఊరుకోలేదు. ఏడేళ్ళు ఎడతెగక సేద్యం చేయాలి, కోసిన పంటను కంకిలోనే ఉంచాలి, తిండికి కావలసినంతే తీసుకోవాలి, కరువు ఏడేళ్ళూ ఆ నిలువ మీద గడపాలి, అందులోనూ కొంత భద్రపరచాలి అని పని వివరం చెప్పాడు. పంటను కుప్ప వేసి, అవసరాన్ని బట్టి నూర్చి, పురిలోను, గాదెలోను ధాన్యం నిలువచేసిన డెల్టా రైతు కుటుంబాలకు ఈ వివరంలోని తెలివి వెంటనే పట్టుబడుతుంది. అర్థం చెప్పిన వ్యక్తి ధాన్యాగారాల బాధ్యతను కూడా తానే అడిగి నెత్తిన వేసుకున్నాడు. తాబీర్ ఇక్కడ మాటతో ఆగక గిడ్డంగి దాకా నడిచింది.

కరువును ముందుగా ఊహించలేకపోతే ఏమవుతుందో డెల్టాకు తెలియనిది కాదు. 1833 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన, వాటి నడుమ పంటలు పోయిన ఏండ్లు కలిసి రాజమండ్రి జిల్లాను పీల్చివేశాయి. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తరువాతనే ఈ నేల అన్నపూర్ణ అనిపించుకుంది. నది నీరు సముద్రంలో కలుస్తుంటే పొలాలు ఎండటం అందరూ చూచారు. ఆ నీటిని పొలం మీద ఊహించి, కొలిచి, లెక్కవేసి, రాయి పేర్చినప్పుడే ఊహ పంటగా మారింది. ఆర్థర్ కాటన్ కల గన్నాడని చెప్పటం ఇక్కడి ఉద్దేశం కాదు. రాబోయేదానిని చూడటం, దానికి తగిన పని చేయటం అన్న రెండూ కలిస్తేనే ఫలితం అన్నది ఇక్కడ గ్రహించవలసిన విషయం.

ప్రవక్తల కలలకూ సామాన్యుల కలలకూ ధర్మంలో భేదం ఉంది. ప్రవక్తల స్వప్నం దైవవాణిలో భాగం. అయినా హజ్రత్ ఇబ్రాహీం (అ) తాను చూచిన స్వప్నాన్ని కుమారునికి చెప్పి అతని అభిప్రాయం అడిగినట్లు ఖుర్ఆన్ తెలుపుతుంది. ఇక సామాన్యుని కల ఎంత మంచిదైనా పరీక్షకు నిలవవలసిందే. అజాన్ పదాలను కలలో విన్న అబ్దుల్లా బిన్ జైద్ (రజి) తానే వెళ్ళి అజాన్ పలకలేదు. దైవప్రవక్త (స) సన్నిధికి పోయి విన్నవించారు. ప్రవక్త (స) దానిని ధ్రువీకరించి, కంఠబలం గల బిలాల్ (రజి)కు నేర్పమన్నారు. చూచినది ఒకరు, నిర్ణయించినది ప్రవక్త, పలికినది మరొకరు. కల గన్నవాని సొంత గొప్పకు ఇందులో తావే లేదు.

ఇబ్ను సీరీన్, ఇబ్ను ఖల్దూన్

కలలు మూడు రకాలని హదీసులలో ఉంది. అల్లాహ్ తరఫు నుండి వచ్చే శుభవార్త, షైతాను పెట్టే కలత, మనిషి మనసు తనతో తాను చెప్పుకునే మాట. ఈ మూడవది నేటి మనస్తత్వ శాస్త్రం సాగుచేసే పొలమే. మొదటిది అరుదు, రెండవదాని నుండి శరణు వేడుకోవాలి, ఎవరికీ చెప్పరాదు. మూడవది ప్రతి రాత్రీ జరిగేది. దానిని ఎలా వినాలన్నదే అసలు ప్రశ్న.

క్రీ.శ. 8వ శతాబ్దం పూర్వార్ధంలో బస్రాలో మరణించిన ఇబ్ను సీరీన్ పేరు స్వప్నార్థ విద్యలో ప్రసిద్ధం. ఆయన వృత్తి వస్త్ర వ్యాపారం. ఈనాడు ఆయన పేరుతో చలామణి అవుతున్న స్వప్న నిఘంటువులు ఆయన కాలం తరువాత చాలా శతాబ్దాలకు కూర్చినవని పండితులు చెప్పుతారు. సంప్రదాయంలో ఆయనను గూర్చి తరతరాలుగా చెప్పుకునే ఒక ఉదంతం ఆ నిఘంటువుల పద్ధతికే విరుద్ధంగా ఉంది. అజాన్ ఇస్తున్నట్లు కల గన్న ఇద్దరు ఆయన వద్దకు వచ్చారు. ఒకనికి హజ్ భాగ్యం కలుగుతుందన్నాడు, రెండవవానితో దొంగతనానికి చేయి నరకబడుతుందన్నాడు. హజ్ పిలుపు కూడా ప్రకటనే, యూసుఫ్ సూరాలో బిడారువారిని దొంగలని కేక వేసినదీ ప్రకటనే. ఒకే కల, ఇద్దరు మనుషులు, రెండు అర్థాలు. అర్థం బొమ్మలో ఉన్నది కాదు, మనిషి నడవడిలో ఉన్నది అన్నదే ఈ ఉదంతం సారాంశం. పాము కనిపిస్తే శత్రువు, నీళ్ళు కనిపిస్తే ధనం అని పట్టిక వేసే ఖ్వాబ్‌నామా ఈ ఒక్క సంగతినే మరచిపోతుంది. చదివేవాడు ఎవరో దానికి తెలియదు.

కలను కోరి రప్పించుకోవచ్చునా అన్న ప్రశ్నను 1377 నాటి తన ముఖద్దిమాలో ఇబ్ను ఖల్దూన్ ఎత్తుకున్నాడు. నిద్రకు ముందు కొన్ని పదాలు ఉచ్చరించి, తెలుసుకోదలచిన విషయాన్ని మనసులో నిలుపుకుంటే అది కలలో కనిపిస్తుందన్న పద్ధతి ఆనాటి గ్రంథాలలో ఉండేది. తనకూ దానివలన తన స్థితిగతుల గూర్చి వింతైన కలలు వచ్చాయని ఆయన దాచకుండా చెప్పాడు. అయితే ఆ పదాలు కలను పుట్టిస్తాయనటానికి ఇది రుజువు కాదని, ఆత్మను సంసిద్ధం చేయటమే వాటి పని అని వెంటనే హద్దు గీశాడు. అనుభవాన్ని ఒప్పుకోవటం, దాని నుండి ఎక్కువ లాగకపోవటం అన్న ఈ నిగ్రహం ఆరు శతాబ్దాల తరువాత కూడా అరుదుగానే కనిపిస్తుంది.

గోదావరి రచయితలు నలుగురు

ఈ కొలత చేతబట్టుకొని గోదావరి సాహిత్యంలోకి వస్తే మొదట ఎదురయ్యే పేరు కందుకూరి వీరేశలింగం (1848–1919). 1890ల్లో ఆయన రచించిన సత్యరాజా పూర్వదేశ యాత్రలు ఆంగ్లంలోని గలివర్ యాత్రల ధోరణిలో నడిచిన కల్పన. అందులోని ఆడుమళయాళంలో ఏలిక స్త్రీలది. లోకం స్త్రీల నెత్తిన వేసిన కట్టుబాట్లను అక్కడ పురుషులు మోస్తారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన మనిషి తరువాతి కాలంలో ఈ కల్పనను చేపట్టటం సహజం. ఎదుటివారి స్థానంలో తనను నిలుపుకొని చూడటం భావనాశక్తి చేయగల ధర్మకార్యాలలో శ్రేష్ఠమైనది. ఆ పని ఈ గ్రంథం చేసింది. అయితే దీనికొక హద్దు ఉంది. చేరవలసిన ఒడ్డు ఏదో రచయితకు ముందే తెలుసు. పాఠకుణ్ణి అక్కడికి చేర్చటానికి కల్పనను పడవగా వాడుకున్నాడు. వ్యంగ్యం ఎప్పుడూ ఇతరుల తప్పునే వెదకుతుంది కనుక, వెదకేవాని అంతరంగం పరీక్షకు రాదు.

రెండవ పేరు దేవులపల్లి కృష్ణశాస్త్రి (1897–1980). పిఠాపురం దగ్గరి చంద్రంపాలెంలో జన్మించిన ఈ కవి 1925లో ప్రకటించిన కృష్ణపక్షం భావకవిత్వానికి పతాక అయింది. అందని ప్రేయసి కోసం, ఊహలోనే జీవించే ఊర్వశి కోసం సాగిన ఆ విరహం తెలుగు పద్యానికి అంతకు ముందు లేని మార్దవాన్ని ఇచ్చింది. ఆ ఘనతను తక్కువ చేయనవసరం లేదు. కాని దుఃఖం ఆ కావ్యాలలో దారి కాదు, గమ్యం. కవి రేవులోనే కూర్చున్నాడు. పడవ రాకపోవటమే అతని పాటకు వస్తువు.

ఇక్కడ యూసుఫ్ సూరాలోని తండ్రిని గుర్తు చేసుకోవటం సముచితం. హజ్రత్ యాఖూబ్ (అ) దుఃఖం కృష్ణశాస్త్రి విరహం కంటె చిన్నదేమీ కాదు. ఏళ్ళ తరబడి ఏడ్చి ఆయన కళ్ళు తెల్లబడ్డాయి. అయినా ఆ దుఃఖాన్ని అల్లాహ్‌కు తప్ప ఎవరికీ మొరపెట్టుకోలేదు. అంతటితో ఆగక, వెళ్ళి యూసుఫ్‌నూ అతని తమ్ముణ్ణీ వెదకండని, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని కుమారులను దారి పట్టించాడు. ఒక దుఃఖం తనను తాను చూచుకుంటుంది, మరొక దుఃఖం మనిషిని వెదకటానికి పంపుతుంది. రెండూ కన్నీళ్ళే, కాని రెండింటి ఫలం వేరు. న్యాయం కోసం ఒక సంగతి చెప్పాలి. జీవితంలో కృష్ణశాస్త్రి రేవులో కూర్చోలేదు. బ్రహ్మసమాజ భావాలతో సంఘ సంస్కరణలో పనిచేసి బంధువుల వెలివేతను భరించాడు. ఆ సాహసం ఆయన కావ్యంలోకి అంతగా రాకపోవటమే విచారించవలసిన విషయం.

అదే పిఠాపురంలో, ఆయనకంటె పన్నెండేళ్ళు ముందు జన్మించిన మరొక కవి ఉమర్ అలీషా (1885–1945). సూఫీ పీఠానికి అధిపతి, పారశీకం, తెలుగు బాగా ఎరిగినవాడు. తెలుగులో పద్యాలు, నాటకాలు, నవలలు రచించాడు. ఖయ్యాం రుబాయీలను తెనిగించాడు. తెలుగు దేశంలో చాలామంది ఖయ్యాంను 1859 నాటి ఫిట్జ్‌జెరాల్డ్ ఆంగ్ల అనువాదం ద్వారా మధుపాత్రల కవిగానే ఎరుగుదురు. బీజగణితంలో ఘన సమీకరణాలను సాధించిన ఖయ్యాం, 1079 నాటి జలాలీ పంచాంగం తయారీలో పాల్గొన్న ఖయ్యాం వారికి తెలియదు. సూఫీ కవిత్వంలో మధువు, సాకీ, ప్రేయసి అన్నవి రాజు కలలోని ఆవుల వంటివి. ఆవులను ఆవులుగానే తీసుకుంటే కరువుకు సిద్ధపడటం జరగదు. సంకేతాన్ని దాటి చదవాలన్న ఈ శిక్షణను తెలుగు పాఠకునికి మూలభాష ఎరిగిన ముస్లిం కవి ఒకడు తెలుగు పద్యంలోనే అందించటం చిన్న విషయం కాదు. ఇస్లామీయ జ్ఞానం అరబ్బీ, ఉర్దూ ఎరిగినవారి సొత్తు మాత్రమే అన్న భావన బలంగా ఉన్న రోజులవి.

అయితే విమర్శకు తావు లేకపోలేదు. సూఫీ వేదాంత దర్శము అన్న ఆయన గ్రంథం పేరులోనే రెండు దర్శనాలు ఒక్కటై కనిపిస్తాయి. ప్రతిదీ సంకేతమైతే, దాటవలసిన ఏరు ఎక్కడ ఉన్నదో, దాటిన తరువాత చేయవలసిన విధి ఏమిటో మసకబారే ప్రమాదం ఉంది. తొలి తరాల సూఫీలు ఈ ప్రమాదాన్ని ఎరుగుదురు. క్రీ.శ. 910లో బాగ్దాదులో మరణించిన జునైద్ తమ మార్గం ఖుర్ఆను, సున్నతుల కట్టుబాటులోనే ఉన్నదని పట్టుబట్టింది అందుకే. ఉమర్ అలీషా జీవితం మాత్రం ఈ విమర్శకు కొంతవరకు సమాధానం ఇస్తుంది. 1935 నుండి మరణించేవరకు కేంద్ర శాసనసభలో సభ్యుడుగా ఉన్న ఈ కవి కళ్ళు మూసుకొని కూర్చున్నవాడు కాడు.

నాలుగవ పేరు ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు (1916–1967). 1940ల రెండవ భాగంలో వెలువడిన చివరకు మిగిలేది నవలలో దయానిధి అన్న డాక్టరు తల్లిపై లోకం వేసిన నింద నీడలో పెరుగుతాడు. నింద వేసినవారు దూరమైనా, నింద అతని తలలోనే కాపురం పెడుతుంది. ప్రేమించబోయినప్పుడల్లా అతనికి ఎదురయ్యేది మనిషి కాదు, తాను కల్పించుకున్న రూపం. రాయలసీమకు తరలిపోతాడు, వజ్రం దొరుకుతుంది, ఆసుపత్రి పెడతాడు, అయినా లోపలి విచారణ ముగియదు. ఊహ మనిషికి చెరసాల కాగలదని తెలుగులో ఇంత నిశితంగా చూపిన నవల అరుదు. ఇది వీరేశలింగం చేయని పని. దీపాన్ని తనవైపు తిప్పుకోవటం.

ఇస్లామీయ పరిభాషలో దీని పేరు ముహాసబా, అనగా తన లెక్క తాను చూచుకోవటం. క్రీ.శ. 857లో మరణించిన హారిస్ అల్ ముహాసిబీకి ఆ పేరు దీనివలననే వచ్చింది. కాని బుచ్చిబాబు చిత్రించిన ముహాసబాలో నిందితుడూ, న్యాయాధికారీ ఒక్కడే. నఫ్స్ మనిషిని చెడుకు పురికొల్పుతుందన్న హెచ్చరిక యూసుఫ్ సూరా 53వ ఆయతులో ఉంది. ప్రభువు కరుణించినవారికి తప్ప అన్న మినహాయింపూ అక్కడే ఉంది. తన మీద తానే తీర్పు చెప్పుకునేవాడు తనను తాను క్షమించుకోవటంలోనో, శిక్షించుకోవటంలోనో అతి చేస్తాడు. దయానిధి ఎంతకాలం బాధపడినా తేలికపడకపోవటానికి పై కోర్టు లేకపోవటం ఒక కారణం.

నేటి పద్ధతులు, నేటి ఇళ్ళు

ఆధునిక మనస్తత్వ శాస్త్రం ఈ విషయంలో చెప్పినదానిని పక్కన పెట్టనవసరం లేదు. 1900 సంవత్సరం ముద్రతో వచ్చిన ఫ్రాయిడ్ స్వప్నగ్రంథం కలను అణచిన కోరిక వేషంగా చూచింది. యూంగ్ మేలుకొని ఉండగానే కలలోని రూపాలతో సంభాషించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. 2001లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, దౌర్జన్యానికి గురై పీడకలలతో బాధపడే స్త్రీలు పగటిపూట ఆ కలను మార్చి, మార్చిన రూపాన్ని మననం చేయగా పీడకలలు తగ్గినట్లు తేలింది. భావనాశక్తి వైద్యానికి పనికివస్తుందనటానికి ఇది మంచి నిదర్శనం. మరొకవైపు గాబ్రియేల్ ఓట్టింగెన్ అన్న మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనలలో, విజయాన్ని ఇంపుగా ఊహించుకోవటం మాత్రమే చేసినవారిలో పనిచేసే చురుకు తగ్గినట్లు కనిపించింది. కోరికతో పాటు అడ్డంకిని కూడా ఎదురుగా పెట్టుకొని ఆలోచించినవారు, ఆ కోరిక సాధ్యమైనదే అయినప్పుడు, ముందుకు సాగారు. బలిసిన ఆవులను మాత్రమే కాక బక్క ఆవులనూ చూడాలన్న సూరా పాఠానికి ఇది దూరం కాదు.

ఈ చర్చ గ్రంథాలకే పరిమితమైనది కాదు. కోనసీమ గ్రామాల నుండి కువైటుకు పనికి పోయిన స్త్రీలు అనేకులు. తల్లి దూరమైన ఇంట పిల్లలకు వచ్చే కలలు, దూరాన ఉన్న తల్లికి వచ్చే కలలు ఫోనులలో ఒకరికొకరు చెప్పుకుంటారు. పన్ను ఊడినట్లు కల వస్తే చావు అని పట్టిక చెపుతుంది. ఆ పట్టిక నమ్మిన ఇంట వారం రోజులు తిండి సహించదు. అదే కలను మనసు మాటగా విన్న ఇంట, తల్లి మీది బెంగ బయటపడుతుంది, మాట్లాడవలసిన మాట మాట్లాడబడుతుంది. మొదటిది భయం, రెండవది తాబీర్.

ఇస్తిఖారా విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతున్నది. రెండు రకాతుల నమాజు చేసి, మేలైనదానిని సులభం చేయమని అల్లాహ్‌ను వేడుకోవటమే ఇస్తిఖారా. ఆ హదీసులో కల ప్రసక్తి లేదు. అయినా కల రాలేదని పెళ్ళిళ్ళు ఆపేవారున్నారు. తమ తరఫున కల కనమని మరొకరికి రూకలిచ్చేవారూ ఉన్నారు. ఇక కలలో ఆజ్ఞ అయినదని చెప్పి చందాలు పోగుచేసేవారి సంగతి సరేసరి. చూడని కలను చూచానని చెప్పేవానికి పరలోకంలో రెండు యవల గింజలను ముడివేయమన్న అసాధ్యమైన పని పెడతారని హదీసు హెచ్చరించింది. గింజకు గింజ ముడిపడదు. కల్పించిన కలకు సత్యం కూడా అలాగే ముడిపడదు.

ఎదుగుదల కోరి స్వప్నాన్ని వినదలచిన పాఠకునికి సంప్రదాయం నుండి తేలే మర్యాదలు కొన్నే. కలత పెట్టే కలను అల్లాహ్ శరణు వేడి వదిలివేయాలి, ఊరంతా చాటరాదు. మంచి కలను మేలుకోరే తెలివైనవారితోనే చెప్పుకోవాలి. కలలో ఇతరులు కనిపించినప్పుడు వారి మీద తీర్పుగా కాక, వారి పట్ల తన మనసు ఏ స్థితిలో ఉన్నదన్న ప్రశ్నగా తీసుకోవాలి. హరామును హలాలు చేసే కల, బాధ్యత తప్పించే కల, ఒకరి హక్కు లాగుకోమనే కల ఎంత కాంతివంతంగా కనిపించినా తోసిపుచ్చాలి. చివరగా, తెల్లవారిన తరువాత ఆ కల వలన చేయవలసిన మంచి పని ఒక్కటైనా తేలిందా అని అడగాలి. తేలకపోతే దానిని నిద్రకు వదిలివేయటమే మేలు.

ఈ కొలతతో చూచినప్పుడు గోదావరి రచయితలు నలుగురూ తలా ఒక పాలు ఇచ్చారు. ఎదుటివారి చోట నిలబడటం వీరేశలింగం నేర్పాడు. కోరిక లోతును కృష్ణశాస్త్రి చూపాడు. సంకేతాన్ని దాటి చదవటం ఉమర్ అలీషా అలవాటు చేశాడు. తన లెక్క తాను చూచుకోవటం బుచ్చిబాబు నేర్పాడు. ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిసి, ఆ మనిషి పైనున్న ప్రభువుకు జవాబుదారీ అయినప్పుడు భావనాశక్తి ఎదుగుదలకు సాధనమవుతుంది. తెలుగు ముస్లిం రచయితల ముందున్న పని ఇది. యూసుఫ్ సూరా వెలుగులో ఈ నేల మనుషుల కలలను, కరువులను, క్షమాపణలను చెప్పే తెలుగు రచన ఇంకా రావలసే ఉంది. ధాన్యాగారం తాళపుచెవులు అడిగి తీసుకున్న ప్రవక్త గాథ చదివిన సమాజం ఖ్వాబ్‌నామా పుటలు తిప్పుతూ కూర్చోవటం తగదు.